చేపల చెరువు మీద మెష్ వైఫై: స్పీడు ఎక్కడ పోతోందో వెతికిన డైరీ

శుక్రవారం రాత్రి

కైకలూరు పక్కన మా బాబాయ్ లీజుకు చేస్తున్న చేపల చెరువుల మీద మెష్ వైఫై (వైర్లు లేకుండా ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి సిగ్నల్ అందించుకుంటూ పోయే వైఫై, ఆ పెట్టెల్నే నోడ్లు అంటాం) పెట్టి చాలాకాలమే అయింది. పింగ్ (అవతలి పెట్టె పలుకుతోందా అని చూసే పరీక్ష) వెళ్తుంది, అన్ని నోడ్లలో లైట్లూ వెలుగుతాయి. కెమెరాలు మాత్రం నాలుగైదు ఒకేసారి తెరిస్తే ఆగి ఆగి వస్తాయి. తూము దగ్గరి కెమెరాలో ఒక మనిషి తవుడు బస్తాతో గట్టు ఎక్కుతూ కనిపిస్తాడు. బొమ్మ బిగుసుకుపోతుంది. మళ్లీ కదిలేసరికి మనిషీ ఉండడు, బస్తా ఉండదు. ఆ బస్తా నావలోకి వెళ్లిందా, బండెక్కిందా అన్నదే బాబాయ్ టెన్షన్.

"నెట్ ప్లాన్ పెంచమంటావేంట్రా?" అని ఫోన్‌లో అడిగాడు. అక్కర్లేదు బాబాయ్, గదిలోకి ఫైబర్ మీద 100 ఎంబీపీఎస్ (సెకనుకి 100 మెగాబిట్లు) శుభ్రంగా వస్తోంది, పోయేదంతా చెరువు దాటేటప్పుడే అన్నాను. ఈ రెండు మూడు వారాంతాలూ అదే పని.

ముందు అమరిక రాసిపెట్టుకుంటాను. రోడ్డు పక్క గదిలో మొదటి నోడ్. అక్కడి నుంచి పెద్ద చెరువు దాటితే మోటారు షెడ్డు, సుమారు 500 మీటర్లు, మధ్యలో అంతా నీళ్లే. షెడ్డు నుంచి గట్టు వెంబడి అదే వరసలో 350 మీటర్లు వెళ్తే కాలవ మూల. అక్కడ గట్టు మలుపు తిరుగుతుంది, ఇంకో 300 మీటర్లకు తూము. నాలుగు నోడ్లు, మూడు హాప్‌లు (ఒక నోడ్ నుంచి పక్క నోడ్‌కి ఒక్కో గెంతు). అన్నీ ఒకే రకం అవుట్‌డోర్ యూనిట్లు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లకి ఉచితంగా దొరికే లైనక్స్ సాఫ్ట్‌వేర్) వేసినవి. 2.4 గిగాహెర్ట్జ్ కెమెరాలకీ ఫోన్లకీ, 5 గిగాహెర్ట్జ్ మెష్‌కి. 5 వైపు ఒక్కో యూనిట్‌కి రెండేసి 8 డీబీఐ (యాంటెన్నా సిగ్నల్‌ని ఎంత పోగు చేసి పంపుతుందో చెప్పే కొలత) కర్ర యాంటెన్నాలు, రెండూ నిటారుగా. మెష్ అంటే 802.11ఎస్ (వైఫై ప్రమాణంలోనే ఉన్న మెష్ పద్ధతి), దాని మీద దారి వెతికే ఇంకే రూటింగ్ ప్రోటోకాలూ లేదు. వరసగా నాలుగు నోడ్లకి అది చాలు.

కావలసింది ఎంత? కెమెరాలు తొమ్మిది, ఒక్కోటి 1080పీ, హెచ్.265లో (వీడియోని కుదించే పద్ధతి) 2 ఎంబీపీఎస్‌కి కట్టేశాం. మొత్తం 18. ఎక్కువ కెమెరాలు కాలవ మూల, తూము దగ్గరే ఉన్నాయి. కాబట్టి తూము నుంచి గదికి 30 వస్తే నిశ్చింత.

శనివారం

పొద్దున్నే కొలతలు. రౌటర్ మీదే ఐపెర్ఫ్3 (వేగం కొలిచే ప్రోగ్రాం) నడిపితే దాని చిన్న ప్రాసెసరే అడ్డం పడి తక్కువ చూపిస్తుంది, అందుకని రెండు వైపులా లాప్‌టాప్‌లు లాన్ వైరుతో పెట్టాం. ఒకటి నా దగ్గర, ఒకటి తమ్ముడి దగ్గర. ఒక్కో హాప్ విడిగా, టీసీపీతో (మామూలుగా డేటా వెళ్లే పద్ధతిలో):

గది నుంచి షెడ్డు: 38 ఎంబీపీఎస్, అదీ పన్నెండుకీ నలభై అయిదుకీ మధ్య ఊగుతూ.
షెడ్డు నుంచి కాలవ మూల: 23.
కాలవ మూల నుంచి తూము: 23.
తూము నుంచి గదికి నేరుగా: ఏడున్నర.

ఏడున్నర అనగానే తమ్ముడు "మరీ అంతలా పడిపోతుందా, అన్నిటికంటే తక్కువ 23 కదా, కనీసం అదైనా రావాలి కదా" అన్నాడు. వైర్ అయితే రావాలి. ఇక్కడ నాలుగు నోడ్లూ ఒకే చానల్ మీద ఉన్నాయి. ఒకటి మాట్లాడుతుంటే మిగతావి ఊరుకోవాలి. అంటే ఒక మెగాబిట్ తూము నుంచి బయల్దేరితే మూడుసార్లు గాల్లోకి ఎక్కాలి, మూడుసార్లకూ పట్టే కాలం కలుస్తుంది. ఒకటిలో 38వ వంతు, 23వ వంతు, మళ్లీ 23వ వంతు కూడితే ఒక మెగాబిట్‌కి సుమారు 0.113 సెకను. తిరగేస్తే 8.8 ఎంబీపీఎస్. వచ్చింది ఏడున్నర. ఢీకొన్న ఫ్రేములూ (ఫ్రేమంటే గాల్లోకి పంపే డేటా ముక్క), మళ్లీ పంపినవీ తీసేస్తే లెక్క సరిపోయినట్టే.

"ఒక్కో హాప్‌కి సగం అవుతుంది" అని అందరూ చెప్పే మాట నాకు ఎప్పుడూ అసంపూర్ణంగానే అనిపిస్తుంది. హాప్‌లు రెండే ఉండి, రెండూ సమానమైతేనే అది నిజం. లేకపోతే ఎక్కువ కాలం మింగే హాప్ ఏదో పట్టుకుని దాన్ని బాగుచేయాలి, వేగంగా ఉన్నదాన్ని ఇంకా వేగం చేసినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఈ కూడిక ఒకటి చేతిలో ఉంటే ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలిసిపోతుంది. ఇక్కడ 0.113లో 0.087 రెండో, మూడో హాప్‌లదే.

కాలవ మూల నోడ్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచే లోపలికి వెళ్లే దారి) దూరి స్టేషన్ డంప్ (పక్క నోడ్లతో ఉన్న లింకుల వివరాల పట్టిక) చూశాను. సిగ్నల్ -61, -60. బ్రహ్మాండంగా ఉంది (సున్నాకి దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ). కానీ టీఎక్స్ బిట్‌రేట్ (పంపే వేగం) దగ్గర 54.0 అని ఉంది, పక్కన ఎంసీఎస్ (కొత్త వైఫైలో వేగం మెట్టు చెప్పే అంకె) అనే మాటే లేదు. ఎంసీఎస్ లేదంటే పాత కాలపు రేట్లలో నడుస్తోందన్నమాట. ఇంటర్‌ఫేస్ సమాచారం అడిగితే తేలిపోయింది: వెడల్పు 20 మెగాహెర్ట్జ్, బ్రాకెట్‌లో "నో హెచ్‌టీ" (హెచ్‌టీ అంటే 802.11ఎన్‌తో వచ్చిన, వేగం పెంచే పద్ధతి).

ఈ యూనిట్ పిడుగు పడి పోయినదాని బదులు తెచ్చిన సెకండ్ హ్యాండ్‌ది. దాని వైర్‌లెస్ ఫైల్లో చానల్ ఉంది, దేశం ఉంది, హెచ్‌టీమోడ్ అనే వరస మాత్రం లేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఆ వరస లేకపోతే హెచ్‌టీ అసలు వద్దన్నట్టే లెక్క. మిగతా మూడింట్లో వీహెచ్‌టీ80 (హెచ్‌టీ తర్వాతి తరం, 80 మెగాహెర్ట్జ్ వెడల్పుతో) ఉంది.

చిక్కేమిటంటే, ఇలాంటి తేడా ఉన్నా మెష్ గొడవ చేయదు. ప్రైమరీ చానల్ ఒకటే అయితే, ఒకటి 80లో, ఇంకొకటి 20లో ఉన్నా లైనక్స్‌లో 802.11ఎస్ నోడ్లు హాయిగా జత కడతాయి, ఆ లింకు వరకు తక్కువ సామర్థ్యానికి దిగిపోతాయి. ఒకరు పై చానల్ వైపు, ఇంకొకరు కింది చానల్ వైపు 40 సాగదీస్తే మాత్రం జత కట్టవు, అప్పుడు వెంటనే తెలుస్తుంది. తెలియకుండా తినేది ఇదే. మధ్య నోడ్ కాబట్టి అటు హాప్, ఇటు హాప్ రెండూ పోయాయి.

హెచ్‌టీ లేకపోతే పోయేది పైకి కనిపించే రేటు ఒక్కటే కాదు. 2009లో వచ్చిన 802.11ఎన్‌లో అసలు బలం ఫ్రేముల్ని కట్టగట్టి పంపడంలో ఉంది. పాత పద్ధతిలో ఒక్కో ఫ్రేముకీ ముందు ఎదురుచూపు, ప్రియాంబుల్ (వస్తున్నానని చెప్పే ముందు సంకేతం), తర్వాత ఏసీకే (అందిందన్న జవాబు). 54 అని రాసున్నా చేతికి పాతిక లోపే దక్కేది అందుకే. హెచ్‌టీలో ఒకే దఫాలో 65,535 బైట్ల దాకా కట్ట పంపి, అన్నిటికీ కలిపి ఒక్క జవాబు తీసుకోవచ్చు. వీహెచ్‌టీలో ఆ కట్ట పది లక్షల బైట్లు దాటుతుంది. మెష్‌లో ప్రతి హాప్‌కీ ఈ ఖర్చు మళ్లీ మళ్లీ పడుతుంది కాబట్టి కట్టగట్టడం విలువ ఇంకా ఎక్కువ.

హెచ్‌టీమోడ్ వరస రాసి వైఫై రీలోడ్ కొట్టే ముందు ఒక జాగ్రత్త. పాత ఫైలు కాపీ దాచి, పది నిమిషాల తర్వాత దాన్ని వెనక్కి పెట్టి రీలోడ్ చేసే ఆదేశాన్ని వెనకాల నడవనిచ్చాను. లింకు తిరిగొస్తే దాన్ని ఆపేస్తాను, రాకపోతే అదే వెనక్కి తెస్తుంది. బురద గట్టు మీద అర్ధరాత్రి లాప్‌టాప్ పట్టుకుని నడవకుండా ఉండటానికి ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తెలియదు.

లింకు వచ్చింది. రెండో హాప్ 90, మూడోది 92. తూము నుంచి గదికి 18. కూడిక 20.7 అంది.

సాయంత్రం 2.4 వైపు కూడా ఓ కన్నేశాను. షెడ్డు దగ్గర ఒక పాత కెమెరా కోసం ఎవరో టీకేఐపీ అనే పాత రకం ఎన్‌క్రిప్షన్ కలిపి పెట్టారు. టీకేఐపీ, దానికన్నా పాతదైన వెప్ వాడే పరికరానికి హెచ్‌టీ రేట్లు ఇవ్వకూడదన్నది ప్రమాణంలోనే ఉన్న నియమం, డబ్ల్యూఎంఎం (డేటాకి ప్రాధాన్యాలు ఇచ్చే ఏర్పాటు) ఆపేసినా అంతే. ఆ కెమెరాకి లాన్ వైరు లాగి, వైఫైలో సీసీఎంపీ (కొత్త రకం ఎన్‌క్రిప్షన్) ఒక్కటే ఉంచాను. 2.4లో 40 మెగాహెర్ట్జ్ జోలికి పోలేదు. ఉన్న బ్యాండే 83.5 మెగాహెర్ట్జ్, అందులో సగం లాగేస్తే పక్క షెడ్డులో వాళ్లు ఊరుకుంటారా.

ఆదివారం

ఇక గది నుంచి షెడ్డు. కూడికలో ఇప్పుడు సగానికి పైగా దీనిదే. స్టేషన్ డంప్‌లో సిగ్నల్ -74, రీట్రైలు (అందక మళ్లీ పంపినవి) విపరీతం.

లెక్క వేస్తే రావాల్సింది ఇది కాదు. 5745 మెగాహెర్ట్జ్‌లో 500 మీటర్లకి గాల్లో పోయేది 101.6 డీబీ (సిగ్నల్ ఎన్ని రెట్లు తగ్గిందో, పెరిగిందో చెప్పే కొలత). యూనిట్ పంపేది 23 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే బలం), రెండు చివరలా ఎనిమిదేసి డీబీఐ. కూడి తీస్తే సుమారు -63. అంటే 11 డీబీ ఎక్కడో మాయమైంది. చెట్టు లేదు, గోడ లేదు, కళ్లకి ఎదురుగా షెడ్డు కనిపిస్తోంది.

ముందు వెడల్పు సంగతి చూశాను. వెడల్పు రెట్టింపయిన ప్రతిసారీ లోపలికి వచ్చే నాయిస్ కూడా రెట్టింపు, అంటే 3 డీబీ. ప్రమాణం ప్రకారం అన్నిటికంటే కింది రేటు అందుకోవడానికి 20 మెగాహెర్ట్జ్‌కి -82 చాలు, 40కి -79 కావాలి, 80కి -76. మనకున్నది -74. 80లో రెండు డీబీలే గీతకి పైన. ఒక నీటికాకి వచ్చి క్లాంపు మీద వాలినా ఆ రెండూ పోతాయి (వాలుతున్నాయి కూడా, రెట్టలే సాక్ష్యం). కాగితం మీద చూస్తే ఇంత బలహీనమైన సిగ్నల్‌కి 80 వల్ల వచ్చే లాభం దాదాపు సున్నా: -75 దగ్గర రెండు స్ట్రీములతో (ఒకేసారి పంపే రెండు డేటా ధారలతో) 80 ఇచ్చేది 58.5, 40 ఇచ్చేది 54. కానీ ఇంకో రెండు డీబీ పడితే 80 చచ్చిపోతుంది, 40 నడుస్తూనే ఉంటుంది.

అన్ని నోడ్లనీ వీహెచ్‌టీ40కి మార్చాను. మార్చే వరస ముఖ్యం: తూము, కాలవ మూల, షెడ్డు, చివరికి గది. దగ్గరదాన్ని ముందు మారిస్తే, లింకు తిరిగి రాకపోతే దాని అవతలివన్నీ ఒక్కసారిగా చెయ్యి దాటిపోతాయి. హాప్ వేగం 35 దగ్గర స్థిరపడింది. సగటు పెరగలేదు, ఊగడం ఆగింది. కెమెరాలకి కావలసింది అదే, ఊగే నలభై కన్నా నిలకడైన ముప్పై అయిదు మేలు.

కానీ ఆ 11 డీబీ?

కనెక్టర్‌లోకి నీళ్లు దిగాయేమోనని షెడ్డు వైపు యూనిట్‌ని స్తంభం మీద నుంచి దించడం మొదలుపెట్టాం. క్లాంపులు వదులు చేసి, వైరు ఊడకుండా, మెల్లగా జారుస్తున్నాం. కాపలా ఆయన కింద నిలబడి తన ఫోన్‌లో గది కెమెరా చూస్తున్నారు. సగం దించామో లేదో, "అబ్బాయిగారూ, ఆగండాగండి. కిందకి వచ్చేకొద్దీ బొమ్మ తేటగా వస్తోందండి" అన్నారు. తమ్ముడు లాప్‌టాప్‌లో చూసి అరిచాడు: -74 కాస్తా -66, -61, -59.

యాంటెన్నా ఎంత ఎత్తున ఉంటే అంత మంచిదనుకునే వాళ్లకి ఇది తిరకాసుగా ఉంటుంది గానీ, లెక్క వేస్తే ఇట్టే తేలిపోతుంది. రేడియో అల షెడ్డుకి రెండు దారుల్లో వస్తోంది. ఒకటి నేరుగా, రెండోది నీటి మీద పడి లేచి. ఇంత వాలుగా పడే అలకి చెరువు అద్దమే. చిన్న చిన్న అలలున్నా, ఏరేటర్ నీళ్లు చిమ్ముతున్నా పెద్ద తేడా ఉండదు, ఈ కోణంలో అరమీటరు లోపు ఎగుడుదిగుళ్లు లెక్కలోకి రావు. పడి లేచిన అల తలకిందులవుతుంది. రెండు యాంటెన్నాలూ నీటి నుంచి 12 అడుగుల ఎత్తున ఉన్నాయి. అప్పుడు రెండో దారి మొదటి దారి కంటే సుమారు 5.3 సెంటీమీటర్లు పొడుగు. 5745 మెగాహెర్ట్జ్‌లో ఒక అల పొడవు 5.2 సెంటీమీటర్లు. సరిగ్గా ఒక అల తేడా, పైగా తలకిందులు, కాబట్టి రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. ఒక చివర 6 అడుగులకి దించితే తేడా 2.7 సెంటీమీటర్లు, అంటే అర అల. ఇప్పుడు రెండూ కలిసొస్తాయి, ఖాళీ గాల్లో కంటే కూడా ఎక్కువే వస్తుంది.

పన్నెండు నుంచి పద్దెనిమిదికి పెంచినా మళ్లీ కలుస్తాయి. తమ్ముడు అదే అన్నాడు, పైపు ఇంకోటి వేసి లేపేద్దామని. కాగితం మీద వేసి చూపించాను. వేసవిలో చెరువు రెండడుగులు లాగితే యాంటెన్నాలు నీటి నుంచి 14, 20 అడుగులవుతాయి. దారి తేడా పది సెంటీమీటర్లు దాటి రెండు అలలవుతుంది, సిగ్నల్ మళ్లీ పాతాళానికి. అదే 6 దగ్గర ఉంచితే నీరు రెండడుగులు దిగినా తేడా 4.2 సెంటీమీటర్లే. ఇప్పుడున్నంత రాదు గానీ లింకు పడిపోదు. కింద ఉన్న చోటు మీద నీటి మట్టం ప్రభావం తక్కువ, మన చెరువులకి అదే కావాలి.

షార్ట్ గార్డ్ ఇంటర్వెల్ (ఆలస్యంగా వచ్చే అలలు కలగలవకుండా సంకేతాల మధ్య వదిలే చిన్న విరామం) తీసేయాలా అన్న అనుమానం కూడా ఇక్కడే తీరిపోయింది. అది 400 నానోసెకన్లు, అంత సేపట్లో అల 120 మీటర్లు పోతుంది. మన రెండు దారుల తేడా అయిదు సెంటీమీటర్లు. ఆలస్యం వల్ల నష్టం లేదు, కొట్టేసుకోవడం వల్లే నష్టం. కాబట్టి అది ఆన్‌లోనే ఉంచాను.

హాప్ ఒకటి 92కి వచ్చింది. గెలిచామనుకుని తూము నుంచి కొలిస్తే 19.

నీటి నుంచి 6 అడుగులంటే గట్టు మీద నుంచి నడుమెత్తే. షెడ్డు యూనిట్ అక్కడికి దిగగానే నీటి వైపు బాగుపడింది, గట్టు వెంబడి కాలవ మూల వైపు చెడింది. దారిలో నడుమెత్తు గడ్డి, నిలబెట్టిన బైకులు, తవుడు బస్తాల దొంతర. రెండో హాప్ 90 నుంచి 40కి పడింది. కూడిక చేస్తే 21, అంటే ఎక్కడున్నామో అక్కడే. షెడ్డు బదులు గది వైపు దించుదామంటే అక్కడ ప్రహరీ గోడ అడ్డం.

తర్వాతి శనివారం

షెడ్డు దగ్గర రెండో యూనిట్. కిందది నీటి వైపు, గదితో మాట్లాడటానికి, 149వ చానల్ (ఇందాకటి 5745 మెగాహెర్ట్జ్) మీదే. పైది పాత చోటే 12 అడుగుల్లో, కాలవ మూల, తూముతో మాట్లాడటానికి, 36వ చానల్ మీద. రెండిటికీ మధ్య లాన్ వైరు. ఒక స్తంభం మీద రెండు 5 గిగాహెర్ట్జ్ రేడియోలు పక్కపక్కనే ఉంటే ఒకటి అరుస్తుంటే రెండోదానికి చెవులు గింగురుమంటాయి, అందుకే చానళ్లు బ్యాండ్ రెండు చివరల నుంచి తీసుకున్నాను, ఎత్తులోనూ ఆరడుగుల ఎడం ఉంది.

మధ్యలో ఇన్ని చానళ్లుండగా ఈ చివరలే ఎందుకంటే, మన దేశంలో 2018 నిబంధనలతో 5150 నుంచి 5350, 5470 నుంచి 5875 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు గానీ, 52 నుంచి 144 వరకు ఉన్న చానళ్లలో రౌటర్ ముందు రాడార్ ఉందేమో విని, ఆ తర్వాతే నోరు తెరవాలి. కనీసం ఒక నిమిషం. ఊళ్లో కరెంటు పోయి జనరేటర్ ఎక్కే ప్రతిసారీ నోడ్లు రీబూట్ అయ్యే చోట ఆ నిమిషం చాలా పెద్దది. బస్తా పోవడానికి అంత టైం కూడా అక్కర్లేదు. (నోడ్లకి 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు కూడా ఆర్డర్ పెట్టాను, వేరే సంగతి.)

149 వైపు సర్వే డంప్ (ఏ చానల్ ఎంతసేపు బిజీగా ఉందో చూపే పట్టిక) తీస్తే ఇంకోటి బయటపడింది. సిగ్నల్ -59కి వచ్చింది కాబట్టి మళ్లీ 80 పెడదామని ఆశ పుట్టింది. కానీ 157వ చానల్ దగ్గర బిజీ టైం బాగా ఎక్కువ. ఊళ్లో ఎవరిదో పాయింట్ టు పాయింట్ లింకు ఉన్నట్టుంది. 149 నుంచి 80 తీసుకుంటే 161 దాకా పోతుంది, వాళ్ల మీద మనం, మన మీద వాళ్లు. 40 అయితే 149, 153తో ఆగిపోతుంది. 40నే ఉంచాను.

ఇక రెండో స్ట్రీము. పరికరం రెండు స్ట్రీములదే అయినా డంప్‌లో ఎన్ఎస్ఎస్ (స్ట్రీముల సంఖ్య) 1 దాటడం లేదు. ఇంట్లో అయితే గోడల మీద పడి అలలు కలగాపులగం అవుతాయి, రెండు స్ట్రీములు విడిగా దొరుకుతాయి. ఎదురెదురుగా ఖాళీ చోట రెండు యాంటెన్నాలూ నిటారుగా ఉంటే అవతలి వైపు రెండూ ఒకే బొమ్మ చూస్తాయి. పోలరైజేషన్ (అల ఊగే దిక్కు) వేరు చేయాలి. గది వైపూ, షెడ్డు కింది యూనిట్ వైపూ ఒక కర్ర ఎడమకి 45 డిగ్రీలు, ఇంకోటి కుడికి 45 డిగ్రీలు వాల్చాం, లింకు వెళ్లే దిక్కుకి అడ్డంగా. ముందుకో వెనక్కో వాలిస్తే యాంటెన్నా ముఖం నేలకో ఆకాశానికో తిరిగిపోతుంది. బిగించి వచ్చేసరికి ఎన్ఎస్ఎస్ 2, ఎంసీఎస్ 7. హాప్ ఒకటి 92 నుంచి 165.

కాలవ మూల దగ్గర ఈ ఉపాయం కుదరదు. గట్టు అక్కడ మలుపు తిరుగుతుంది కదా, షెడ్డు వైపుకి అడ్డంగా వాలిస్తే తూము వైపుకి ముందుకో వెనక్కో వాల్చినట్టు. అక్కడ నిటారుగానే ఉంచాను.

కొలత. తూము నుంచి గదికి 41. రెండు, మూడు హాప్‌లే ఒక చానల్ పంచుకుంటున్నాయి, 90, 92లని ఆ కూడికలోనే పెడితే 45, మొదటి హాప్ దాని పని అది వేరే చానల్లో చేసుకుంటోంది. అనుకున్న 30 దాటింది.

ఆదివారం

చిల్లర పనులు. మల్టీకాస్ట్ (అందరికీ ఒకేసారి పంపే ఫ్రేముల) రేటు 6 నుంచి 24 ఎంబీపీఎస్‌కి పెంచాను, అంటే ఆ వరసలో 24000. బ్రాడ్‌కాస్ట్ ఫ్రేములు అన్నిటికంటే కింది రేటులో, కట్టగట్టకుండా వెళ్తాయి. తొమ్మిది కెమెరాలు నిమిషానికోసారి "నేనున్నాను" అని చాటుకుంటుంటే అవి మూడు హాప్‌లూ పాకుతుంటాయి. లింకులన్నీ 24ని తేలిగ్గా అందుకునే స్థితిలో ఉన్నప్పుడే ఇది చేయాలి, షెడ్డు యూనిట్ దించక ముందే చేసుంటే గది నుంచి షెడ్డుకి ఏఆర్‌పీ (ఈ చిరునామా ఎవరిదని అడిగే సందేశం) కూడా చేరేది కాదు.

దూరం సెట్టింగ్: గది, షెడ్డు కింది యూనిట్లలో 500. ఇది ఏసీకే కోసం ఎంతసేపు ఆగాలో చెబుతుంది, 450 మీటర్లకో మెట్టు పెరుగుతుంది. సిగ్నల్ బాగుండి రీట్రైలు మాత్రం ఎక్కువగా ఉంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఎందుకైనా మంచిదని 5000 ఇస్తే ప్రతి ఫ్రేముకీ ఊరికే ఎదురుచూడటమే. మాకు రీట్రైలు కాస్త తగ్గాయి, వేగంలో తేడా కనిపించలేదు.

తూము నోడ్ పాత్ డంప్‌లో (డేటా ఏ దారిన పోతోందో చూపే పట్టికలో) అప్పుడప్పుడూ కాలవ మూలని దాటేసి నేరుగా షెడ్డు పై యూనిట్‌తో మాట్లాడుతోంది, -78 సిగ్నల్‌తో. అలా దాటేసినప్పుడల్లా వేగం పడుతోంది. మెష్ ఆర్ఎస్ఎస్ఐ (అందే సిగ్నల్ బలం) గీత -72 దగ్గర పెట్టాను. ఇది కొత్తగా జత కట్టేవాటినే ఆపుతుంది, అప్పటికే కట్టిన జతని తెంచదు, కాబట్టి పెట్టాక వైఫై ఒకసారి దించి లేపాలి. ఇప్పుడు తూముకి ఒక్కటే పొరుగు.

నడుమెత్తు యూనిట్ చూసి బాబాయ్‌కి ఒకటే దిగులు: "గేదె వచ్చి ఒళ్లు రుద్దుకుంటే ఏంట్రా పరిస్థితి?" న్యాయమైన ప్రశ్నే. చుట్టూ నాలుగు సరుగుడు గుంజలు పాతి, నీటి వైపు వదిలేసి మిగతా మూడు వైపులా ముళ్ల కంప కట్టించాం. ఇనుప వల కడతానన్నాడు, యాంటెన్నా ముందు ఇనుము వద్దని ఆపాను.

రాత్రి తొమ్మిది కెమెరాలూ ఒకేసారి తెరిచి గంటసేపు వదిలేశాను. ఆగలేదు. జనరేటర్ ఎక్కినప్పుడు మాత్రం యథావిధిగా అందరూ మాయమై, నోడ్లు బూట్ అయ్యాక వచ్చారు. యూపీఎస్‌లు రావాలి.

మిగిలినవి: 36 వైపు గాలి ఖాళీగా ఉంది, సిగ్నల్ -61, -60. అక్కడ వీహెచ్‌టీ80 పెట్టి చూడాలి, ప్రమాణం ప్రకారం -61 దగ్గర 80లో ఎంసీఎస్ 4 గ్యారంటీ, 5కి ఒక డీబీ తక్కువ. తూము నుంచి మొదలుపెట్టి, పది నిమిషాల వెనక్కి-తెచ్చే ఆదేశంతో. నీటి మట్టానికి గుంజ మీద అడుగుల గీతలు పెయింట్ చేయించి, నీరు దించినప్పుడల్లా సిగ్నల్ రాసి పంపమని కాపలా ఆయనకి చెప్పాను. ఆయన అప్పుడే ఒకటి పంపారు: నీరు అలాగే ఉంది, -59.